రిపేరైన ఐదు నెలలకే పెయింట్ బుడగలెత్తింది: తప్పు ఏ పొరలో ఉందో పట్టుకోవడం ఎలా?

మీరు రాసింది ముందు కుదించి చెప్పుకుందాం. ఉండేది చెన్నై వేళచ్చేరి, బండి సిల్వర్ హ్యాచ్‌బ్యాక్. ఆగస్టులో షేర్ ఆటో రాసుకుపోయి ఎడమ వెనక డోరు, దాని పక్క క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం మీది రేకు) సొట్టపడ్డాయి. షాపువాళ్లు మూడో రోజుకే బండి ఇచ్చేశారు, అప్పుడు అద్దంలా ఉంది. ఇప్పుడు జనవరి. డోరు కింది భాగంలో నాలుగు వేళ్ల మేర ఆవగింజలంత బుడగలు. చక్రం పైన పళ్లెమంత గుండ్రటి గీత, అది సాయంత్రం ఏటవాలు ఎండలోనే కనిపిస్తోంది. రెండు ప్యానెళ్లూ మసకబారాయి. బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఒకే రంగు, బయటికి తెస్తే రెండు రంగులు. అడిగితే "క్లైమేట్ సార్, రబ్బింగ్ కొట్టి ఇచ్చేస్తాం" అన్నారు.

రబ్బింగ్‌కి అంటే పైపొరని అరగదీసి మెరిపించడానికి, ఒప్పుకోకండి. క్లైమేటే కారణమైతే అదే వానలో తడిసి, అదే ఎండలో ఎండిన కుడి డోరుకి ఏమీ కాలేదెందుకు? మీరు చెప్పిన నాలుగు లోపాల్లో పైపొరలో పుట్టింది మసక ఒక్కటే, అదీ సగమే. మిగతావన్నీ కిందివి. పైన ఎంత మెరిపించినా అవి మళ్లీ తేలతాయి, పైగా ఈసారికి క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శకమైన పొర) పలచబడి ఉంటుంది.

పొరల సంగతి కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువు. ఫ్యాక్టరీలో ఉత్త రేకు బాడీని ఈ-కోటు (కరెంటుతో రేకుకి అంటించే తుప్పు నిరోధక పొర) తొట్టిలో ముంచి తీస్తారు. అది సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని మీద ప్రైమర్, ఆ పైన 15 మైక్రాన్ల దాకా రంగు, చివర 35 నుంచి 50 మైక్రాన్ల క్లియర్. మొత్తం కలిపితే మన దగ్గర తిరిగే బళ్లలో సాధారణంగా 90 నుంచి 130 మైక్రాన్ల మధ్య ఉంటుంది. వైరింగ్, ప్లాస్టిక్ ఏవీ బిగించకముందే వేస్తారు కాబట్టి 140 డిగ్రీల్లో కాల్చగలరు. బాడీ షాపుకి ఆ అవకాశం లేదు. రేకు వేడి 60 డిగ్రీలు దాటితే లైట్లు, వైరింగ్, ట్రిమ్ అన్నీ పాడవుతాయన్న భయం. అందుకే షాపులో టూ-కే పెయింట్ వాడతారు, అంటే హార్డ్‌నర్ కలిపితే రసాయనికంగా గట్టిపడేది. ఫ్యాక్టరీలో వేడి చేసే పని ఇక్కడ సగం హార్డ్‌నర్ చేస్తుంది, సగం టైము చేస్తుంది. సొట్ట తీయడం, పట్టీ (మిగిలిన పల్లం పూడ్చే ముద్ద, పుట్టీ), సర్ఫేసర్ (పట్టీ మీద వేసి నున్నగా రుద్దే మందపాటి ప్రైమర్), రంగు, క్లియర్, ఇవన్నీ చేసి రెండు ప్యానెళ్లున్న బండిని మూడో రోజుకే ఇచ్చారంటే ఎక్కడో టైము మింగేశారని అర్థం.

ముందు కొలవండి

పెయింట్ మందం కొలిచే మీటరు ఆన్‌లైన్‌లో కొన్ని వేలకు దొరుకుతుంది. పాత కార్లు కొనిపెట్టేవాళ్లని అడిగితే అరువూ దొరుకుతుంది. ముందు కుడి డోరు మీద ఐదారు చోట్ల పెట్టి చూడండి, అది మీ బండి అసలు మందం. తర్వాత ఎడమ డోరు మీద అరచేతికొక చోటు లెక్కన పైనుంచి కిందికి కొలుస్తూ రండి. 180 నుంచి 250 వస్తే పట్టీ లేదు, మళ్లీ పెయింట్ మాత్రమే పడింది. 400 దాటితే కింద పట్టీ ఉంది. 1000 అంటే ఒక మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్ల దాకా పట్టీ పెట్టడం తప్పేం కాదు. మూడు దాటిందంటే సొట్టని లాగి సరిచేయకుండా పట్టీతో పూడ్చారు. చవక మీటర్లలో చాలావాటికి 2 మిల్లీమీటర్లు దాటితే అంకె రాదు. అంకె రాకపోవడం కూడా ఒక జవాబే. బంపర్ మీద పెట్టకండి, ప్లాస్టిక్ మీద ఈ మీటర్లు పనిచేయవు. మీటరు దొరక్కపోతే ఫ్రిజ్ మీది పలచటి అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి జరుపుతూ వెళ్లండి. పట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది.

బుడగలు: ఒకదాన్ని విప్పి చూడాల్సిందే

ఎలాగూ ఆ భాగం మళ్లీ చేయాల్సిందే కాబట్టి జంకక్కర్లేదు. ముందు తేదీ పడేలా ఫొటోలు తీయండి. తర్వాత షాపు మనిషి ఎదురుగానే కొత్త బ్లేడు మూలతో ఒక బుడగని గీరి, పైపెచ్చుని పొట్టులా ఎత్తండి. చూడాల్సినవి రెండే: పెచ్చు వెనకవైపు ఏ రంగు ఉంది, గుంత అడుగున ఏ రంగు ఉంది.

పెచ్చు వెనక బూడిదరంగు ప్రైమర్, అడుగున పట్టీ ఉండి, వేలికి చెమ్మ తగిలితే తప్పు పట్టీ దగ్గరే. పెచ్చు వెనక సిల్వర్, అడుగున ప్రైమర్ ఉంటే ప్రైమర్ మీద సరిగా తుడవలేదు, లేదా కంప్రెసర్ గాలిలో నీళ్లొచ్చాయి. అడుగున గోధుమరంగు తుప్పు కనిపిస్తే రేకుని పూర్తిగా శుభ్రం చేయకుండానే కప్పేశారు, లేదా తీసిన రేకుకి ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా నేరుగా రేకు మీద వేసేది) వేయలేదు. పెచ్చు పారదర్శకంగా ఉండి అడుగున సిల్వరే మిగిలితే క్లియర్ మాత్రమే ఊడుతోంది. రంగు వేశాక క్లియర్ కొట్టడానికి డబ్బా మీద రాసిన గడువు దాటిందన్నమాట, లేదంటే రంగు మరీ మందంగా పడి లోపల ఆరలేదు.

మీరు చెప్పిన లక్షణాలు (ఆవగింజల సైజు, డోరు కింది భాగం, వానాకాలం దాటాక రావడం) చూస్తే మొదటిదే అయ్యే అవకాశం ఎక్కువ. పాలిస్టర్ పట్టీలో సగానికి దగ్గరగా టాల్క్ లాంటి పొడులే ఉంటాయి, అది నీళ్లు తాగుతుంది. మన షాపుల్లో ఇప్పటికీ పట్టీని వాటర్ పేపర్‌తో, బకెట్లో నీళ్లు పెట్టుకుని రుద్దే అలవాటు పోలేదు. దుమ్ము లేవదు, పేపర్ త్వరగా అరగదు, అందుకని. చెన్నైలో ఆ బకెట్లోవి చాలాచోట్ల బోరు నీళ్లు. మీ బాత్రూమ్ కుళాయికి పట్టే తెల్ల పొర ఏమిటో అదే ఈ పట్టీలోకీ ఇంకుతుంది. పైన తడి ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. దాని మీద ప్రైమర్, రంగు, క్లియర్ వేసేస్తారు. పెయింట్ పొర పూర్తిగా నీళ్లు ఆపే గోడ కాదు, తేమని చాలా నెమ్మదిగా లోపలికి రానిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బండి రోజూ తడిసేసరికి లోపలి ఉప్పు ఆ తేమని లాక్కుని బుడగ కడుతుంది. ఆగస్టులో అద్దంలా కనిపించి ఇప్పుడు పొంగడానికి కారణం అదే. ఎండాకాలంలో కొన్ని అణిగిపోతాయి కూడా. చూసి తగ్గిందనుకోకండి, మళ్లీ వానలకి లేస్తాయి. ప్రైమర్ మీద చెమట చేతులు పెట్టినా ఇదే జరుగుతుంది. కొన్ని బళ్ల మీద బుడగలు అచ్చం అయిదు వేళ్ల ఆకారంలో వస్తాయి.

రెండో అనుమానం కంప్రెసర్. చెన్నై గాలిలో ఉండే తేమంతా ట్యాంకులో నీళ్లయి కూర్చుంటుంది. రోజూ కింది వాల్వు తిప్పి వదలకపోతే, స్ప్రే గన్ను ముందు నీళ్లు పట్టే ఫిల్టర్ లేకపోతే ఆ తుంపరే పెయింటులో కలుస్తుంది. అలాంటప్పుడు బుడగలు ఒక్క పట్టీ ఉన్నచోటే కాకుండా ప్యానెలంతా చెదురుమదురుగా వస్తాయి. తేడా అలా పట్టుకోవచ్చు.

పళ్లెమంత గీత

షాపువాళ్లు దీన్ని పట్టీ మ్యాప్ అంటారు. పట్టీ అంచు, పాత పెయింట్ అంచు కలిసేచోట పొర నునుపుగా పలచబడుతూ పోవాలి. అక్కడ గట్టులా వదిలేస్తే ప్రైమర్ దాన్ని దాస్తుంది, కానీ కొన్నాళ్లే. ప్రైమర్‌లోని సాల్వెంట్ మెల్లగా ఎగిరిపోతూ పొర కుంచించుకుపోతుంది. పట్టీ మీద ఒకలా, గట్టి పాత పెయింట్ మీద ఒకలా కుంచించుకుంటుంది కాబట్టి మధ్య గీత తేలుతుంది. 80 నంబరు సాండ్ పేపర్ (నంబరు తక్కువైతే గరుకు ఎక్కువ) గీతల మీదే ప్రైమర్ కొట్టేసినా ఇదే. పేపర్ వరుస 80, 150, 240, 320 ఇలా పోవాలి, ఒక్కో మెట్టు ముందు మెట్టు గీతల్ని చెరిపేయాలి. 80 నుంచి నేరుగా 320కి దూకితే 320 లోతు గీతల్ని తీయలేదు, పైన మాత్రం నున్నగా చేసి మోసం చేస్తుంది. "పైన పటారం, లోన లొటారం" అన్నది ఈ పని చూసే పుట్టిందేమో!

పట్టీలో హార్డ్‌నర్ ఎక్కువైనా ఒక లక్షణం ఉంది, మీకు రాలేదు కానీ తెలుసుకోండి. కొలత బరువులో 2 శాతం, అంటే 100 గ్రాముల పట్టీకి 2 గ్రాములు. తొందరగా గట్టిపడాలని ట్యూబు పిండేస్తే మిగిలిపోయిన పెరాక్సైడు పైకి ఎక్కి, లేత రంగుల మీద పసుపు మచ్చలా తేలుతుంది. తక్కువైతే పట్టీ ఎప్పటికీ మెత్తగానే ఉండి పట్టు వదులుతుంది.

మసక

కొత్తలో మెరిసి, వారాల్లో మందగించడాన్ని డై-బ్యాక్ అంటారు. కోటుకీ కోటుకీ మధ్య 5 నుంచి 10 నిమిషాలు ఆగకుండా ఒకదానిమీద ఒకటి తడిగా కొట్టేస్తే సాల్వెంట్ లోపలే చిక్కుకుంటుంది. పైపొర ముందు ఎండి మూత పడుతుంది. తర్వాత లోపలిది బయటికి వచ్చేటప్పుడు మెరుపుని తీసుకుపోతుంది. సూది మొనంత రంధ్రాలు కూడా కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. మూత తీసి వదిలేసిన పాత హార్డ్‌నర్ గాలిలో తేమతోనే చర్య జరిపి సగం చచ్చిపోతుంది, ఇది ఇంకో కారణం. ఒక్క మసకే ఉండి, క్లియర్ నిజంగా గట్టిపడి ఉంటే అప్పుడు 2000, 3000 పేపర్లతో తడిపి రుద్ది కాంపౌండ్ పెట్టొచ్చు. రబ్బింగ్‌కి న్యాయమైన చోటు ఇదొక్కటే. మీ బండికి ఇప్పుడు అది అనవసరం, ఆ క్లియర్ ఎలాగూ పోవాల్సిందే.

ఇక్కడే ఒక ముక్క. చెన్నైలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ మామూలు సంగతి. ఆ గాలికి మంచుబిందువు, అంటే తేమ నీళ్లుగా మారే వేడి, సుమారు 26 డిగ్రీలు. అంటే ప్యానెల్ నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద కంటికి కనపడని నీటి పొర పడుతుంది. ఫాస్ట్ థిన్నర్ ఆరేటప్పుడు ప్యానెల్‌ని అంతపనీ చల్లబరుస్తుంది. పాలు విరిగినట్టు తెల్లటి మసక అలా వస్తుంది. వానాకాలం కదా, త్వరగా ఆరాలని ఫాస్ట్ థిన్నర్ పోయడం సరిగ్గా తిరగబడ్డ ఆలోచన. వేడికైనా తేమకైనా ఇక్కడ స్లో థిన్నర్, తగిన హార్డ్‌నర్, కాస్త ఓపిక కావాలి.

రంగు తేడా

సిల్వర్ నిజానికి రంగు కాదు, అల్యూమినియం రేకుల పొడి. ఆ రేకులు పడుకున్నాయా, నిలబడ్డాయా అన్నదాన్ని బట్టి ఛాయ మారుతుంది. తడిగా, దగ్గర్నుంచి కొడితే రేకులు లోపలికి మునిగి రంగు ముదురుతుంది. గాలి ఎక్కువ, పెయింట్ తక్కువగా పొడిగా కొడితే పైకి తేలి తెల్లబడుతుంది. అందుకే డబ్బాలో రంగు అచ్చు సరిపోయినా బండి మీద తేడా రావచ్చు. ఎదురుగా నిలబడి చూడండి, తర్వాత బండి వెనక మూల నుంచి ఏటవాలుగా చూడండి. ఎదురుగా సరిపోయి పక్కనుంచి ముదురుగా ఉంటే గన్ను పని. రెండు వైపులా ఒకేలా తేడా ఉంటే కలిపిన రంగే తప్పు. బేస్‌మెంట్ ఎల్ఈడీ కింద కలిసిపోయి ఎండలో విడిపోతోందంటే టింటర్ల (షేడు కోసం కలిపే మూల రంగుల) కలయికే వేరు, ఆ షేడు మళ్లీ కలపాలి.

కలర్ కోడ్ (డ్రైవర్ డోరు స్తంభం మీదో, బానెట్ కింద ప్లేటు మీదో ఉంటుంది) ఒకటే అయినా దాని కింద రెండు మూడు వేరియంట్ల ఫార్ములాలుంటాయి. కాబట్టి ముందు చిన్న కార్డు మీద కొట్టి, క్లియర్ కూడా వేసి, ఆరాక ఎండలో బండికి ఆనించి చూపించమనండి. క్లియర్ వేయని కార్డుకి విలువ లేదు. ఆపైన ముందు డోరులోకి బ్లెండింగ్ చేయాలి. అంటే రంగుని వెనక డోరు దగ్గర మొదలుపెట్టి ముందు డోరు మధ్యకి వచ్చేసరికి సన్నగా కరిగించేసి, క్లియర్ మాత్రం ముందు డోరు అంచు దాకా కొట్టడం. "బాగున్న డోరు మీద ఎందుకు సార్" అంటారు. సిల్వర్‌కి అదే మార్గం. క్వార్టర్ ప్యానెల్ పైభాగంలో క్లియర్‌ని వెనక అద్దం పక్క స్తంభం మధ్యలో థిన్నర్‌తో కరిగించి ఆపేయనివ్వకండి, రెండు మూడేళ్లకి అక్కడినుంచే అట్టలా లేస్తుంది. రూఫ్ జాయింట్ దాకా తీసుకెళ్లి ఆపాలి.

పుదుప్పేటలో (చెన్నైలో పాత బండి విడిభాగాల బజారు) అదే రంగు పాత డోరు తెచ్చి బిగిద్దామన్న సలహా ఎవరో ఇచ్చారన్నారు. కోడ్ ఒకటే అయినా ఆ డోరు ఎండలో వెలిసిన తీరు వేరు, ఇంతకుముందు ఎన్ని పట్టీలు మోసిందో తెలియదు. రేకు మరీ నలిగిపోయి ఉంటేనే ఆలోచించండి, మీటరు పట్టుకునే వెళ్లండి. రంగు ఎలాగూ వేయాల్సే వస్తుంది.

రీవర్క్ ఎలా జరగాలి

జాబ్ కార్డు మీద ఈ వరుస రాయించుకోండి. బుడగలున్న చోటి నుంచి చుట్టూ కనీసం జానెడు దాకా పట్టీ మొత్తం తీసి రేకు కనిపించాలి. బుడగలు మాత్రమే గీరి మళ్లీ పట్టీ పెట్టడం కుదరదు, ఉప్పు చుట్టుపక్కలా ఉంటుంది. తుప్పు చుక్కలుంటే తీసి, యాసిడ్ రిమూవర్ వాడితే దాన్ని పూర్తిగా కడిగి ఆరబెట్టాలి, లేకపోతే దాని మీద వేసింది పట్టదు. రేకుకి ఎపాక్సీ ప్రైమర్. మిగిలిన పల్లం రెండు మిల్లీమీటర్లలోపు ఉంటేనే పట్టీ. ఎండాకాలం మధ్యాహ్నం అయితే పట్టీ నాలుగైదు నిమిషాల్లోనే గట్టిపడుతుంది కాబట్టి ఒకసారికి పిడికెడే కలపాలి, గిలకొట్టకుండా నూరినట్టు కలపాలి, గాలి దూరితే సూది రంధ్రాలొస్తాయి. పట్టీ మీద నీళ్లు పడకూడదు, రుద్దడం అంతా పొడిగానే.

తర్వాత టూ-కే సర్ఫేసర్ రెండు మూడు కోట్లు. రేకు వేడి 60 డిగ్రీలకు చేరిన తర్వాత 30 నిమిషాలు. బూత్ ఆన్ చేసిన క్షణం నుంచి లెక్క కాదు, రేకు వేడెక్కిన దగ్గర్నుంచి. బూత్ లేని షాపు అయితే కనీసం ఒక పూర్తి రోజు ఆరాలి, వానలుంటే ఇంకొక రోజు. నల్ల గైడ్ కోటు చల్లి 400, 500 పేపర్‌తో పొడిగా రుద్దాలి. నల్లచుక్క మిగిలిందంటే అక్కడ పల్లం ఉన్నట్టు. ఆపైన సిలికాన్ రిమూవర్‌తో రెండు గుడ్డల పద్ధతి: ఒక గుడ్డతో తడిపి, అది ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డతో తుడిస్తే మురికిని అటు నుంచి ఇటు పూసినట్టే. పక్కనే ఎవరో డ్యాష్‌బోర్డు పాలిష్ కొడుతుంటే ఆ సిలికాన్ గాలిలో వచ్చి పడి పెయింట్ మీద చేపకళ్లలాంటి గుంతలు పడతాయి. రంగు రెండు మూడు పలచటి కోట్లు, చివరిది కాస్త దూరం నుంచి సిల్వర్ పొడి రేకులు సమంగా పడేలా. క్లియర్ రెండు కోట్లు, 50 నుంచి 60 మైక్రాన్లు. హార్డ్‌నర్ నిష్పత్తి డబ్బా మీద ఏది రాస్తే అది, కొలతల కప్పుతో. కంటి కొలత వద్దు. ఈ పనికి నాలుగు పనిదినాలు పడతాయి. మీరే తొందరపెట్టకండి.

బిల్లు ఇన్సూరెన్స్‌లో పోయి ఉంటే రీవర్క్‌ని కొత్త క్లెయిమ్‌గా రాయనివ్వకండి, నో క్లెయిమ్ బోనస్ మీద దెబ్బ పడుతుంది. పాత క్లెయిమ్ నంబరుతోనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫొటోలతో మెయిల్ పెట్టండి. సొంత డబ్బుతో చేయించి ఉంటే బిల్లు, డెలివరీ తేదీ, బ్లేడుతో గీరిన ఫొటోలు జతచేసి షాపుకి రాతపూర్వకంగా ఇవ్వండి. కదలకపోతే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది. 2019 చట్టం ప్రకారం రెండేళ్ల లోపు మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చాలావరకు అంతదాకా పోదు. ఏ పొరలో ఏం జరిగిందో మీరు వేలుపెట్టి చూపిస్తే మాట తీరే మారిపోతుంది.

రీవర్క్ అయ్యాక నెల రోజులు వ్యాక్స్, సిరామిక్ కోటింగ్ ఏవీ వద్దు, సాల్వెంట్ బయటికి పోవాలి. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు. మొదటి వారం ఉత్త నీళ్లే. పక్షి రెట్ట పడితే మాత్రం ఆ పూటే నానబెట్టి తుడిచేయండి.

డెలివరీ రోజు షెడ్డు లోపల చూడకండి, బయట ఎండలో పెట్టించండి. ట్యూబ్‌లైటు ప్రతిబింబం ప్యానెల్ మీద వంకరపోతోందా అన్నది లోపల చూడొచ్చు, రంగు మాత్రం బయటే. చివరగా డోరు తెరిచి కింది అంచున తడమండి. అక్కడ నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. పట్టీతోనో, క్లియర్‌తోనో మూసుకుపోతే వాన నీళ్లు డోరులోనే నిలిచి రేకు మడత లోపల్నుంచి తుప్పు మొదలవుతుంది, బయటికి కనిపించేసరికి ఏడాది దాటుతుంది. ఒక్కో రంధ్రంలో అగ్గిపుల్ల పెట్టి చూడండి, దూరకపోతే తెరిపించిన తర్వాతే బండి తీసుకోండి.